వారాల విస్తరి నుండి వసతిగృహము దాక: మంజీర తీరమున పేదబిడ్డల చదువు

పేదవాని బిడ్డకు చదువు చెప్పించుట తెలుగునాట నేడు పుట్టిన ధర్మము కాదు. విద్యాదానమను మాట మన భాషలో చాల పాతది. అయితే ఆ దానము ఎవరి గుడిసె దాక నడిచినది, ఎవరి గడపకడ ఆగిపోయినది అన్నది విచారింపదగిన విషయము. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల గత నూఱేండ్ల కథ యీ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పగలదు.

పూర్వము పేద విద్యార్థి పట్టణమునకు పోయి చదువవలెనన్న వారములు కుదుర్చుకొనెడివాడు. సోమవారమొక యింట, మంగళవారము వేఱొక యింట, ఇట్లు ఏడుదినములకు ఏడిండ్ల భోజనము. పెట్టువారికి వారమునకొక విస్తరి మాత్రమే ఖర్చు. తినువానికి సంవత్సరము గడిచిపోయెడిది. ఆ గృహస్థులు ఊరికి వెళ్లినచో ఆ దినము పస్తే. ఈ పద్ధతివలన ఎందఱో పండితులును, వకీళ్లును, ఉపాధ్యాయులును తయారైరి. కాని దీనికొక హద్దు కలదు. పంక్తిలో కూర్చుండదగిన కులమువానికే వారము దొరకెడిది. సేద్యగాని కొడుకునకు అది అరుదు. అంటరానివాడని వెలివేయబడినవాని బిడ్డకు ఆ గడపయే దాటరానిది.

నిజాము రాజ్యమున మఱొక చిక్కు కలదు. పైతరగతుల బోధన ఉర్దూలో జరిగెడిది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము సైతము ఉర్దూ మాధ్యమమునే స్వీకరించెను. మెదకు జిల్లా పల్లెలోని తెలుగు బాలుడు పరభాష నేర్చి, హైదరాబాదు చేరి, అచ్చట తిండికిని నీడకును వెదకికొనవలసివచ్చెను.

ఆ 1918లోనే రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహము వెలసినది. తరువాత నగర కొత్వాలు పదవి నలంకరించిన ఆయన తన పలుకుబడిని విద్యార్థుల మేలుకొఱకు వినియోగించెను. సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ సంస్థ కార్యదర్శిగా పనిచేసిరి. రావి నారాయణరెడ్డిగారు ఇచ్చట నుండి చదువుకొన్నవారే. పిదప ఇతర కులములవారును తమతమ వసతిగృహములను నెలకొల్పుకొనిరి. విస్తరి స్థానమున చందా వచ్చెను; గృహస్థుని దయకు బదులుగా లెక్కల పుస్తకమును నియమావళియు వచ్చినవి. విద్యార్థి దినమునకొక యింటివారి ముఖము చూడనక్కఱలేకపోయెను. ఇది చిన్న మార్పు కాదు. అయినను చందా లిచ్చుటకు ధనికులున్న కులములకే భవనములు లేచినవి. ధనికులు లేని కులముల మాట యేమి?

దానికి సమాధానముగా నిలిచినవారు భాగ్యరెడ్డివర్మగారు. 1888లో హైదరాబాదున దళిత కుటుంబములో జన్మించిన ఆయన, 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, 1910లో ఇసామియా బజారున తమ పిల్లలకొఱకు పాఠశాల తెఱిచెను. తరువాత అట్టి పాఠశాలలు పెరిగినవి. ఇతరుల వాకిట పిలుపుకొఱకు ఎదురుచూచుటకంటె తమ వాడలోనే బడి పెట్టుకొనుట మేలని ఆయన చూపెను. మెదకున క్రైస్తవ మిషనువారు బడులు నడిపిరి. అచ్చట చార్లెస్ పాస్నెట్ దొర కట్టించిన పెద్ద దేవాలయము 1924లో ప్రతిష్ఠితమైనది. కఱవుకాలమున ఆ నిర్మాణములో పనిచేసినవారికి అన్నము దొరకెను.

1930లో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ ప్రథమ సమావేశము, నేటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలోనే, ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగినది. దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభయు జరిగినది. చదువు ఒక కుటుంబపు భాగ్యము కాదు, ప్రజలందఱి అవసరమను భావము ఈ నేలమీద బహిరంగముగా వినబడుట ఆ కాలపు విశేషము.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, పదునాలుగేండ్లలోపు పిల్లలందఱికిని పదేండ్లలో ఉచిత నిర్బంధ విద్య కల్పింప ప్రయత్నింపవలెనని ఆదేశించెను. ఆ గడువు దాటిపోయినది. పని మాత్రము మిగిలిపోయినది. 1971లో సర్వేలున గురుకుల పాఠశాల తెఱువబడెను. అందు అన్నము, వసతి, చదువు మూడును ప్రభుత్వమే భరించెను. వారాల విస్తరికి తుదకు ప్రభుత్వమే గృహస్థైనదన్నమాట.

ఈలోగా ప్రాంతపు రూపము మాఱినది. రామచంద్రాపురమున భెల్ కర్మాగారము, 1972లో పటాన్‌చెరున ఇక్రిశాట్, వాని వెంట ఔషధ రసాయన పరిశ్రమలు వచ్చినవి. పొలము పోయినవాని కొడుకును, పొరుగు రాష్ట్రమునుండి కూలికి వచ్చినవాని కొడుకును ఒకే సందులో పెరుగసాగిరి. ఇరుగున రంగారెడ్డి జిల్లాలో, 1981లో స్థాపితమైన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను, బడికి రాని బిడ్డ ప్రతియొకడును బాలకార్మికుడే యని భావించి, పనిలోనున్న పిల్లలను శిబిరములలో చదివించి బడులలో చేర్చెను. పేద తల్లిదండ్రులు బిడ్డలను చదివింపనొల్లరను మాట నిజము కాదని అది రుజువు చేసినది. ఆ పనికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే బహుమానము లభించెను. ఆ సంవత్సరమే రాష్ట్రపు బడులలో మధ్యాహ్న భోజనము మొదలైనది. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టము అమలులోనికి వచ్చెను. ఏ కులమువాడవని అడుగని పంక్తి అట్లు ప్రతి పల్లెబడిలోను కుదిరినది.

ఇంతటితో దాత పని తీఱినదా? తీఱలేదు. 2025 జూన్ 30న పాశమైలారములోని ఒక ఔషధ కర్మాగారమున సంభవించిన పేలుడులో నలుబదిమందికి పైగా కార్మికులు మరణించిరి; వారిలో పలువురు పరరాష్ట్రములనుండి వచ్చినవారు. ఇట్టి యింట తండ్రి కూలి ఆగిన దినముననే బిడ్డ చదువు ఊగిసలాడును. ఒరియాయో హిందీయో మాటలాడు బిడ్డకు తెలుగు బడి పరాయిదిగా తోచును. నాడు మెదకు బాలునకు ఉర్దూ కలిగించిన కష్టమును ఎఱిగిన నేల యిది. నేటి వలస బిడ్డ కష్టమును పోల్చుకొనగలదు. బడి దూరమైన ఆడపిల్లకు బస్సు కిరాయి లేకపోయినను చదువు ముగియును.

ఒక్క బిడ్డను ఎన్నుకొని పోషించుట మంచిదే. కాని ఆ యింటనే రెండవ బిడ్డ పనికి పోవుచుండవచ్చును. దాత మనస్సు మాఱినచో మొదటి బిడ్డయు ఆగిపోవును. నూఱేండ్ల అనుభవము నేర్పిన దొకటే: దయ ఒక మనిషిమీద ఆధారపడినంతకాలము చదువునకు పస్తు తప్పదు, అది సంస్థయై, హక్కై నిలిచినప్పుడే నిలకడ కలుగును. హక్కు అందని చోట, బస్సు కిరాయియో, భాష నేర్పు గురువో, సాయంకాలము చదువుకొనుటకు దీపము వెలుగు గదియో సమకూర్చుటయే నేటి దాతకు మిగిలిన పని. అట్టి గది గ్రంథాలయమే. దాని తలుపు తెఱిచియున్నంతవఱకు అందులో కూర్చుండుటకు ఏ బిడ్డయు వారము అడుగనక్కఱలేదు.