బాబ్లీ గేట్ల మీది తీర్పు

పసుపు తొందరపడే పంట కాదు. జూన్‌లో నాటిన కొమ్ము జనవరి దాటేదాకా నేలలోనే ఉంటుంది, అన్నాళ్లూ తడి అడుగుతుంది. అందుకే నిజామాబాద్ జిల్లా ధర్పల్లి, ఆర్మూరు వైపు రైతుకు గోదావరి మీద నడిచిన కేసు దూరపు విషయం కాదు. ధర్పల్లి మండలానికి రామడుగు ప్రాజెక్టు ఉన్నా, జిల్లాకు పెద్ద దిక్కు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు, ఇప్పటి శ్రీరాంసాగర్. ఆ జలాశయం వెనుక నీళ్లు నిలిచే చోటే, నాందేడ్ జిల్లాలో, మహారాష్ట్ర 2.74 టీఎంసీల బాబ్లీ బ్యారేజీ మొదలుపెట్టింది. 2006లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకెక్కింది. 2007 ఏప్రిల్‌లో వచ్చిన మధ్యంతర ఉత్తర్వే ఆ కేసు మొత్తంలో విలువైనదని నా అభిప్రాయం. కట్టడం సాగించుకోవచ్చు, గేట్లు మాత్రం బిగించవద్దు అన్నది కోర్టు. ఆ మాటతో పని ఆగలేదు, తీర్పు ఎటు వచ్చినా అమలయ్యే వీలూ పోలేదు.

కేసుల వల్లే ప్రాజెక్టులు మూలపడుతున్నాయనే వాళ్ల బాధలో నిజం ఉంది. స్టే వస్తే ఖర్చు పెరుగుతుంది, ఆయకట్టు ఎండుతుంది. బాబ్లీ తీర్పు 2013 ఫిబ్రవరి 28 దాకా రాలేదు. ఆ జాప్యం నాందేడ్ రైతుకూ నష్టమే. మౌలిక వసతుల కాంట్రాక్టు తగాదాల్లో స్టేలకు 2018లో చట్టమే అడ్డుకట్ట వేసింది. కానీ స్టే లేనంత మాత్రాన న్యాయం త్వరగా జరగదు. కాళేశ్వరమే చూడండి. 2017 అక్టోబరులో హరిత ట్రిబ్యునల్ పనులు ఆపమంది, మరుసటి నెలలోనే హైకోర్టు ఆ ఆటంకం తొలగించింది. 2019 జూన్‌లో ప్రారంభోత్సవం అయిపోయింది. చాలా పని జరిగాక పర్యావరణ అనుమతి తీసుకోవడం చట్టవిరుద్ధమని ట్రిబ్యునల్ తేల్చింది 2020 అక్టోబరులో. అప్పటికి నష్టం అంచనాకు కమిటీ వేయడం తప్ప చేయగలిగింది పెద్దగా లేదు. త్వరపడాల్సింది విచారణ. కాంక్రీటు పోయకముందే అది ముగియాలి, దానికి గడువు ఉండాలి.

బాబ్లీలో ఆంధ్రప్రదేశ్ గెలవలేదు. అయినా జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలని, పోచంపాడు నీటిలో కలిసే 0.6 టీఎంసీని మార్చి 1న వదలాలని షరతులు నిలిచాయి, కాపలాకు ముగ్గురు సభ్యుల కమిటీ ఏర్పడింది. అయితే అక్టోబరు 29న గేట్లు దించేనాటికి పసుపు ఇంకా చేలోనే ఉంటుంది. మార్చి 1న ఆ 0.6 టీఎంసీ దిగువకు వచ్చేసరికి చాలా చేలల్లో దుంప తవ్వి ఉడకబెడుతుంటారు.