ఉడుత చుట్టం కోసం చేసిన తూటా ఎం16లోకి ఎలా వచ్చింది?

ఈరోజు ఎపిసోడ్ తుపాకుల గురించే, కానీ మొదలుపెట్టేది మాత్రం మా తాత చెనక్కాయ చేను నుంచి.

మాది అనంతపురం వైపు. చిన్నప్పుడు ఊరికి వెళ్తే, కాయ ఊరే టైమ్‌లో తాత రాత్రిళ్లు ఇంట్లో పడుకునేవాడు కాదు. చేలో మంచె మీదే. చేను చుట్టూ పాత చీరలు కట్టేవాడు, డబ్బా కొట్టేవాడు, టార్చ్ వేసేవాడు. అయినా ఒక్క రాత్రి కునుకు పట్టిందంటే తెల్లారేసరికి అర ఎకరం దున్నేసినట్టు ఉండేది. అడవిపందులు! అలాంటి ఒక పొద్దున తాత సాళ్లలో కూర్చుని, ఎవరితో ఏమీ మాట్లాడకుండా, మట్టిలో మిగిలిన కాయలు ఏరుకోవడం నాకు ఇప్పటికీ గుర్తు. అందుకే అమెరికా రైతు ఒక చిన్న జంతువు మీద రైఫిల్ ఎత్తాడని చదివినప్పుడు నాకు వెంటనే "అయ్యో పాపం" అనిపించలేదు. తర్వాత అనిపించింది. అది ఎందుకో కూడా చెప్తా.

ముందు ఆ జంతువు. పేరు గ్రౌండ్‌హాగ్, వుడ్‌చక్ అని కూడా అంటారు. బాగా మేసిన పిల్లి సైజులో ఉంటుంది, కానీ ఉడుతల కుటుంబం. న్యూయార్క్, పెన్సిల్వేనియా, వెర్మాంట్ వైపు పచ్చిక పొలాల్లో పెద్ద పెద్ద బొరియలు తవ్వుతుంది. గుర్రాలతో సేద్యం చేసే రోజులు కదా, ఆ బొరియలో గుర్రం కాలు పడి విరిగిందంటే రైతుకి ఆ ఏడాది వ్యవసాయం అయిపోయినట్టే. 1883లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ఒక్కో వుడ్‌చక్‌కి 10 సెంట్ల బహుమతి కూడా ప్రకటించింది. ఇలా పంటకి, పశువుకి చేటు చేసే జంతువుల్ని అక్కడి పల్లె జనం 'వర్మింట్' అంటారు. వర్మిన్ అనే మాటకి పల్లె యాస అన్నమాట. పడమటి రాష్ట్రాలకి వెళ్తే ఈ లిస్టులోకి ప్రెయిరీ డాగ్, కొయోటీ కూడా వస్తాయి.

సరే, దీన్ని కొట్టడానికి స్పెషల్ రైఫిల్ ఎందుకు? గ్రౌండ్‌హాగ్ మహా జాగ్రత్త మనిషి... మనిషి అనేశాను, సారీ. బొరియ దగ్గర నిటారుగా నిలబడి చుట్టూ చూస్తుంది, అలికిడైతే లోపలికి దూరిపోతుంది. కాబట్టి 200, 300 గజాల దూరం నుంచి కొట్టాలి. కనిపించే తల రెండు మూడు అంగుళాలు. అప్పట్లో జింకల వేటకి వాడే రైఫిల్ 100 గజాల్లో మూడు నాలుగు అంగుళాల వెడల్పులో తూటాలు చెదరగొట్టినా పర్లేదు, జింక పెద్దది. అదే చెదరడం 300 గజాల దగ్గర ఒక అడుగు అవుతుంది. అడుగు తేడాతో రెండంగుళాల తలని ఏం కొడతాం?

రెండో ప్రాబ్లమ్ మన ఇంటర్ ఫిజిక్స్. తూటా గన్ నుంచి బయటికొచ్చిన క్షణం నుంచే కింద పడుతూ ఉంటుంది. ఎంత పడుతుంది? సగం జీ టీ స్క్వేర్. మామూలు 22 రిమ్‌ఫైర్ తూటాకి 200 గజాలు వెళ్లడానికి సుమారు 0.6 సెకన్లు పడుతుంది. లెక్క వేయండి, దాదాపు ఆరు అడుగులు కిందికి! ఆ టైమ్‌ని 0.18 సెకన్లకి తెస్తే అరడుగే పడుతుంది. టీ స్క్వేర్ ఉంది కాబట్టి స్పీడ్ మూడింతలు చేస్తే పడిపోవడం తొమ్మిదో వంతు అవుతుంది. అప్పట్లో లేజర్‌తో దూరం కొలిచే సాధనాలు లేవు, కంటి అంచనాయే. దూరం అంచనా కాస్త తప్పినా దెబ్బ తప్పకూడదంటే ఒకటే దారి. తూటా చిన్నగా, తేలిగ్గా ఉండాలి, స్పీడ్ విపరీతంగా ఉండాలి.

ఆ స్పీడ్‌లో ఇంకో లాభం ఉంది. చుట్టూ ఇళ్లు, ఆవులు. బరువైన తూటా నేలకి తగిలి ఎగిరి ఎక్కడికో పోతుంది. పల్చటి రాగి తొడుగు, లోపల సీసం ఉన్న చిన్న తూటా ఆ వేగంలో దేనికి తగిలినా అక్కడే ముక్కలైపోతుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇలాంటి రైఫిల్ 1920ల్లో ఏ కంపెనీ షాపులోనూ లేదు. అందుకని జనం సొంతంగా కట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మిగిలిన మౌజర్, స్ప్రింగ్‌ఫీల్డ్, క్రాగ్ మిలటరీ రైఫిళ్లు, పాత వించెస్టర్ సింగిల్ షాట్‌లు దొరికేవి. గన్‌స్మిత్ వాటిలో యాక్షన్‌ని, అంటే తూటాని లోపల బిగించి పేల్చే భాగాన్ని, మాత్రమే ఉంచి, దానికి పొడుగాటి, లావుపాటి కొత్త బ్యారెల్ బిగించేవాడు. లావు ఎందుకంటే, పేలిన ప్రతిసారీ బ్యారెల్ వణుకుతుంది, వేడెక్కుతుంది. బరువున్న బ్యారెల్ తక్కువ వణుకుతుంది, నిదానంగా వేడెక్కుతుంది. తర్వాత ట్రిగ్గర్ తేలిక చేయడం, ఆ మనిషి భుజానికి సరిపోయేలా వాల్‌నట్ చెక్కతో స్టాక్ చెక్కడం, పైన పొడుగాటి టెలిస్కోప్.

అసలు మజా తూటాలో ఉంది. కంపెనీ అమ్మే ఇత్తడి గుల్ల తీసుకుని, దాని మెడని నొక్కి సన్నం చేసి, పెద్ద గుల్లలో చిన్న బుల్లెట్ పెట్టేవాళ్లు. మందు ఎక్కువ, బరువు తక్కువ. ఆ కొత్త ఆకారానికి సరిపోయే రీమర్‌తో బ్యారెల్ వెనక భాగాన్ని లేత్ మిషన్ మీద తొలిచేవాళ్లు. ఏ కంపెనీ లెక్కలోనూ లేని ఇలాంటి తూటాని 'వైల్డ్‌క్యాట్' అంటారు. నాకైతే ఇది అచ్చం ఓపెన్ సోర్స్ లాగా అనిపించింది. ఒకడు చేసి పత్రికలో రాస్తాడు, ఇంకొకడు దాన్ని తీసుకుని మార్చి ఇంకా మెరుగ్గా చేస్తాడు. తేడా ఒకటే, ఇక్కడ బగ్ ఉంటే మొహం ముందు పేలుతుంది.

1920ల చివర్లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ చుట్టూ ఉన్న కొందరు ఔత్సాహికులు, వాళ్లలో టౌన్సెండ్ వీలెన్, వాట్కిన్స్ అనే ఇద్దరు ముఖ్యులు, ఎప్పుడో పాతబడిన ఒక గుల్లని తీసుకుని 22 హార్నెట్ తయారుచేశారు. హార్నెట్ అంటే కందిరీగ. విచిత్రం ఏంటంటే, 1930లో వించెస్టర్ దీని తూటాలు అమ్మడం మొదలుపెట్టేసరికి, ఆ తూటా వాడే కంపెనీ రైఫిల్ ఒక్కటి కూడా అమెరికా మార్కెట్‌లో లేదు! కొన్నవాళ్లంతా సొంతంగా కట్టించుకున్నవాళ్లే. కంపెనీ రైఫిల్ ఆ తర్వాత వచ్చింది.

వాట్కిన్స్ అక్కడితో ఆగలేదు. 1915లో వచ్చిన 250 సావేజ్ గుల్ల మెడని 22 సైజుకి నొక్కాడు. వించెస్టర్ ఆ ఐడియా చూసి, వేరే గుల్లతో 1935లో 220 స్విఫ్ట్ దింపింది. 48 గ్రెయిన్ల, అంటే 3 గ్రాముల బుల్లెట్, సెకనుకి 4,110 అడుగులు. కంపెనీ తూటాల్లో 4,000 దాటిన మొదటిది ఇదే. ధ్వని వేగానికి మూడున్నర రెట్లు! అయితే బ్యారెల్‌ని త్వరగా తినేస్తుందని దీనికి చెడ్డపేరు వచ్చింది. వైల్డ్‌క్యాట్‌గా మిగిలిపోయిన 22-250 మాత్రం గన్‌స్మిత్‌ల షాపుల్లోనే 30 ఏళ్లు బతికింది. దాన్ని చివరికి 1965లో రెమింగ్టన్ తన లిస్టులోకి తీసుకుంది. ఈరోజుకీ వర్మింట్ వేటలో పెద్ద పేరు దానిదే.

పిచ్చి పీక్స్‌కి వెళ్లిన కథ కూడా ఒకటి చెప్పాలి. పీ.ఓ. యాక్లీ అనే గన్‌స్మిత్, మామూలోడు కాదు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొలరాడోలోని ట్రినిడాడ్ కాలేజీలో ఈ విద్యని క్లాసులో పాఠంగా చెప్పినవాడు. సెకనుకి 5,000 అడుగులు చూద్దామని, ఏనుగుల వేటకి పనికొచ్చే గుల్లని 22 బుల్లెట్‌కి నొక్కేశాడు. 5,000 రాలేదు. పేరు మాత్రం చరిత్రలో మిగిలింది, ఇయర్‌గెస్‌ప్లిటెన్ లౌడెన్‌బూమర్. జర్మన్ మాటేమో అనుకోకండి, చెవులు పగిలే మోతని ఇంగ్లీషులో వెటకారంగా సాగదీశారంతే.

ఇక్కడే నాకు చిన్న డౌట్ మొదలైంది. ఇందులో రైతు ఎక్కడున్నాడు? గుర్రాల సేద్యం పోయి ట్రాక్టర్లు వచ్చేశాయి. 1940ల చివరికి కొంతమంది గ్రౌండ్‌హాగ్‌ని కూడా వదిలేసి, టేబుల్ మీద రైఫిల్ పెట్టి కాగితం మీద ఒకే రంధ్రంలో అయిదు తూటాలు పంపే పోటీలు పెట్టుకున్నారు. బెంచ్‌రెస్ట్ అంటారు. నేను జాబ్ చేసేటప్పుడు మా టీమ్‌లో ఒక పేజీ లోడ్ టైమ్‌ని ఇంకో 20 మిల్లీసెకన్లు తగ్గించడానికి రెండు వారాలు కూర్చున్నాం. ఏ యూజరూ అడగలేదు. కాబట్టి ఆ పిచ్చి నాకు బాగా తెలుసు, తిట్టే హక్కు నాకు లేదు.

ఆ బెంచ్‌రెస్ట్ షూటర్లలో మైక్ వాకర్ ఒకడు. ఆయన రెమింగ్టన్ ఇంజనీర్. 1950లో ఆయన 222 రెమింగ్టన్ డిజైన్ చేశాడు. పాత గుల్లని నొక్కింది కాదు, కొత్తగా గీసింది. చిన్నది, దెబ్బ తక్కువ, గురి అద్భుతం. వర్మింట్ వేటగాళ్లు ఎగబడ్డారు. 1957 ప్రాంతంలో అమెరికా ఆర్మీ తేలికపాటి 22 సైజు రైఫిల్ కావాలని అడిగింది. ఆ రైఫిల్ కోసం ఈ 222 గుల్లనే కొంచెం పొడుగు చేశారు. అదే 223 రెమింగ్టన్. మిలటరీ లెక్కలో 5.56. ఎం16లో వియత్నాం వెళ్లింది అదే. 1966లో అక్కడ మెరైన్ స్నైపర్లకి ఇచ్చిన ఎం40 కూడా రెమింగ్టన్ మోడల్ 700 మీద కట్టిందే, ఆ మోడల్ వెనకా వాకరే. మన సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిల్‌ది కూడా 5.56 తూటానే. పచ్చికలో బొరియ తవ్వే ఉడుత చుట్టం కోసం మొదలైన గొలుసు అది.

ఇప్పుడు, "తర్వాత అనిపించింది" అన్నాను కదా, అది. పడమటి రాష్ట్రాల్లో ప్రెయిరీ డాగ్‌లు ఊళ్లలాగా కాలనీలు కట్టుకుంటాయి. వాటి మీద గడ్డిభూముల్లో చాలా ప్రాణులు బతుకుతాయి. ఆ కాలనీల్ని ఎక్కువగా పోగొట్టింది రైఫిల్ కాదు, అది ఒప్పుకోవాలి. ప్రభుత్వమే దశాబ్దాల తరబడి పెట్టించిన విషం, తర్వాత ప్లేగు. వాటిని తిని బతికే బ్లాక్ ఫుటెడ్ ఫెరెట్ అంతరించిపోయిందనే 1979లో అనుకున్నారు. 1981లో వ్యోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర ఒక రైతు కుక్క ఒకదాన్ని నోట కరుచుకుని ఇంటికి తెచ్చింది! 1987కి మిగిలిన 18ని పట్టుకుని పెంచారు. ఈరోజు ఉన్నవాటిలో దాదాపు అన్నీ అందులో 7 జంతువుల సంతానమే.

రైఫిల్ వాటా వేరే చోట ఉంది. ముక్కలయ్యే తూటా గుర్తుందా? పక్క ఇంటి ఆవుని కాపాడిన ఆ గుణమే, కొట్టి వదిలేసిన ప్రెయిరీ డాగ్ ఒంట్లో సన్నటి సీసం ముక్కలు వదిలేస్తుంది. గద్దలు, డేగలు దాన్ని తింటాయి. సీసం విషం. రైతు తన పచ్చిక కోసం నాలుగు కొట్టడం వేరు, రోజంతా టేబుల్ వేసుకుని లెక్కపెట్టుకుంటూ వందల్లో కొట్టి అక్కడే వదిలేసి పోవడం వేరు. రెండోదాన్ని మా తాత చేనుతో పోల్చడానికి నాకు మనసు రాలేదు. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసం తూటాలు పూర్తిగా ఆపేసింది. ఇప్పుడు రాగి బుల్లెట్లు చేస్తున్నారు. సీసం కన్నా రాగి తేలిక, అంటే అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది. పొడుగైతే ఇంకా వేగంగా తిరగాలి. పాత బ్యారెల్ లోపలి గాడి మెలిక అందుకు చాలదు. సో, గన్‌స్మిత్ దగ్గరికి మళ్లీ కొత్త బ్యారెల్ కోసం!

మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా వేటాడితే నేరం, కాబట్టి ఈ వీడియో చూసి ఎవరూ ఐడియాలు పెట్టుకోవద్దు. కంచెకి కరెంట్ పెట్టేవాళ్లకి కూడా చెప్తున్నా, పందుల కోసం పెట్టిన తీగకి తగిలి మనుషులు పోతున్నారు. మా తాత చేను ఇప్పుడు కౌలుకి ఇచ్చాం. మొన్న వెళ్లి చూస్తే చుట్టూ ఇంకా పాత చీరలే కట్టి ఉన్నాయి. మంచె లేదు, దాని చోట కర్రకి కట్టిన ఒక చిన్న స్పీకర్ ఉంది. రాత్రంతా కుక్కల అరుపులు, మనుషుల కేకలు ప్లే అవుతూనే ఉంటాయి. మొదట్లో పందులు భయపడ్డాయంట, ఇప్పుడు అలవాటు పడుతున్నాయని కౌలు రైతు అన్నాడు.