అమ్మమ్మ శేరు

గుంటూరు అమ్మమ్మ నోటుపుస్తకంలో తేనె ఉసిరికి “వీశెడు కాయలకు మూడు శేర్ల తేనె” అని ఉంది. పోయినేడు నేను శేరంటే దాదాపు కిలో అనుకుని పోసేశాను. ఎంత తేనె దండగ! ఆ 80 తులాల శేరు ఉత్తరాదిదట. మద్రాసు తూకంలో శేరు 24 తులాలే, అంటే 280 గ్రాములు. ఐదు శేర్లు ఒక వీశె. 1958లో కిలోలు వచ్చాక ఈ లెక్క మన వంటిళ్లలోంచి జారిపోయింది.

ఇంకో చిక్కు, ఇప్పుడు మనం తేనెను గ్లాసుతో కొలుస్తాం. తేనె నీళ్లకన్నా బరువు కదా, 100 మిల్లీలీటర్లు తూస్తే సుమారు 140 గ్రాములు. అంటే అమ్మమ్మ శేరు 200 మిల్లీలీటర్లే, మా స్టీలు గ్లాసుడు.

ఈసారి మూడు గ్లాసులే పోశాను. అమ్మ ఒక కాయ నోట్లో వేసుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇంకోటి అడిగింది.