మలేరియా

ప్లాస్మోడియం అను ఏకకణజీవి మానవరక్తమున ప్రవేశించి ఎర్ర రక్తకణములను ధ్వంసము చేయుటవలన కలుగు వ్యాధి మలేరియా. ఆడ ఎనాఫిలిస్ దోమ కాటుచే ఇది ఒకరినుండి మరొకరికి సంక్రమించును. తెలుగునాట జనులు దీనిని చలిజ్వరమనియు, తూర్పు కనుమల అడవులలో ప్రబలుటచే మన్యపు జ్వరమనియు వ్యవహరింతురు. మలేరియా యను ఇటాలియను మాటకు చెడుగాలి యని అర్థము. చిత్తడినేలలనుండి వీచు దుర్వాయువే ఈ జ్వరమునకు మూలమని ఐరోపావాసులు శతాబ్దములపాటు నమ్మిరి. నిలువనీటికిని జ్వరమునకును గల సంబంధమును వారు సరిగానే కనిపెట్టిరి గాని, ఆ రెంటి నడుమ ఎగురుచుండిన దోమను గుర్తింపలేకపోయిరి.

జ్వరము మొదట వణకుతో వచ్చును. ఎన్ని దుప్పట్లు కప్పినను చలి తీరదు, పళ్ళు టకటక కొట్టుకొనును. పిదప ఒడలు నిప్పువలె కాలును. కడపట చెమటలు పట్టి జ్వరము దిగగా రోగి నిద్రించి, మరునాడు లేచి తిరుగుచు తనకు నయమైనదనియే తలచును. మూడవనాడు మరల అదే వేళకు వణకు మొదలగును. మన ఆయుర్వేదాచార్యులు విషమజ్వరములను విభజించుచు, మూడవనాడు తిరిగివచ్చుదానికి తృతీయకమనియు, నాలుగవనాడు వచ్చుదానికి చతుర్థకమనియు పేరిడిరి. సూక్ష్మదర్శిని లేని కాలమున, రోగి మంచముకడ కూర్చుండి దినములు లెక్కించిన ఆ వైద్యుల పరిశీలన మిక్కిలి శ్లాఘనీయము. ఏలయన ప్లాస్మోడియం వైవాక్స్ 48 గంటలకును, ప్లాస్మోడియం మలేరియే 72 గంటలకును ఒకమారు రక్తకణములను పగులగొట్టుకొని వెలికివచ్చును, అప్పుడే వణకు పుట్టును. ఫాల్సిపారం అను జాతి అన్నింటికంటె ప్రమాదకరము. అది మెదడులోని సూక్ష్మరక్తనాళములను అడ్డగించి ప్రాణము తీయగలదు. జ్వరము పలుమార్లు వచ్చినవారికి ప్లీహము ఉబ్బి ఎడమడొక్కలో గట్టిగా చేతికి తగులును. దీనినే పల్లెలలో కడుపులో బల్ల యందురు.

ఈ పరాన్నజీవి జీవితము రెండు శరీరములలో నడచును. దోమ లాలాజలముతోపాటు మన రక్తమున చేరిన సూదివంటి స్పోరోజోయిట్లు ముందుగా కాలేయకణములలో దూరి, అచట వేలసంఖ్యగా వృద్ధిపొంది, అటుపిమ్మట రక్తకణములపై పడును. వీనిలో కొన్ని స్త్రీపురుష బీజరూపములను తాల్చి రక్తమున వేచియుండును. వేరొక దోమ ఆ రక్తమును పీల్చినపుడు దాని కడుపులోనే ఫలదీకరణము జరుగును. అందుండి పుట్టిన జీవి జీర్ణాశయపు గోడలో బుడిపెగా పెరిగి పగిలి, కొత్త స్పోరోజోయిట్లను లాలాజల గ్రంథులకు పంపును. దోమలో ఈ పరిణామమంతయు ముగియుటకు ఇంచుమించు రెండు వారములు పట్టును.

పరాన్నజీవిని మొట్టమొదట రోగిరక్తమున చూచినవాడు ఫ్రెంచి సైనికవైద్యుడు లావెరాన్. అల్జీరియాలో 1880లో ఆయన దానిని కనుగొనెను. దోమ పాత్రకు ప్రత్యక్షనిదర్శనము లభించినది మన సికిందరాబాదులో. అల్మోరాలో జన్మించిన రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు ఎన్నో దోమలను కోసి చూచి విఫలుడై, 1897 ఆగస్టులో మచ్చలరెక్కల దోమలు కొన్ని చేజిక్కగా, వానిచే ఒక మలేరియా రోగిని కుట్టించెను. పంకా వీచినచో కోసిన దోమలు ఎగిరిపోవునని ఉక్కలోనే కూర్చుండి, చెమటకు మరలు తుప్పుపట్టి కంటికటకము బీటవారిన సూక్ష్మదర్శినితో వెదకుచుండగా, ఆగస్టు 20వ తేదీన దోమ జీర్ణాశయపు గోడలో గుండ్రని కణములును, వానిలో నల్లని రేణువులును ఆయనకు కనబడెను. ఆ నలుపే సాక్ష్యము. అది దోమ ఒడలిలో పుట్టునది కాదు; పరాన్నజీవి హీమోగ్లోబిన్‌ను జీర్ణించుకొనగా మిగులు కల్మషము. మరునాడు కోసిన దోమలో ఆ కణములు మరింత పెరిగియుండెను. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాపై రాస్ ఈ చక్రమును పూర్తిగా నిరూపించెను. మానవ మలేరియా విషయమున ఆ పని ఇటలీలో గ్రాసీ బృందము నెరవేర్చెను. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించెను. ఆయన పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని నిలిచియున్నది.

ఎనాఫిలిస్‌ను పోల్చుట కష్టము కాదు: గోడపై వాలినపుడు తల వంచి తోక పైకెత్తి ఏటవాలుగా నిలుచును, దాని పిల్లపురుగు నీటిపై అడ్డముగా తేలును. మన్యపు సెలయేళ్ళలో ఫ్లూవియాటిలిస్, మైదానములలో క్యూలిసిఫేసిస్, పట్టణపు బావులలోను నీటితొట్లలోను స్టీఫెన్సై అను జాతులు పెరుగును. కుట్టుట చీకటిపడినది మొదలు తెల్లవారువరకు; కావుననే దోమతెరకు అంత ప్రయోజనము.

సింకోనా బెరడునుండి 1820లో వేరుచేసిన క్వినైను చిరకాలము ఏకైకౌషధముగా నుండెను. ఫాల్సిపారమునకు నేడు ఆర్టిమిసినిన్ సంబంధమైన మందులు వాడుచున్నారు. భారతదేశమున 1953లో డి.డి.టి. చల్లు జాతీయ కార్యక్రమము ఆరంభమగునాటికి ఏటా 7.5 కోట్లమందికి ఈ జ్వరము వచ్చుచుండెనని అంచనా; 1965 నాటికి ఆ సంఖ్య సుమారు లక్షకు దిగెను. జాగరూకత సడలుటయు, దోమలు మందునకు అలవాటుపడుటయు తోడుకాగా, 1976లో మరల 64 లక్షలకు పెరిగెను.

వైవాక్స్ బీజములు కొన్ని కాలేయమున నెలల తరబడి నిద్రించి, మరల మేల్కొని జ్వరము తెప్పించును. వానిని చంపునది ప్రైమాక్విన్, లేదా దాని కోవకు చెందిన మందు మాత్రమే. కావున వైద్యుడు తగిన పరీక్ష చేసి ఆ మందు వ్రాసియిచ్చినపుడు, వణకు తగ్గినదని బిళ్లలను గూటిలో పెట్టక, చెప్పిన 14 దినములును తప్పక మ్రింగవలెను.