టీ అన్నా చాయ్ అన్నా

క్యాంపుల్లో మనకు రోజూ ఉండే పంచాయితీ ఇది. గోదావరి జిల్లాల తమ్ముళ్లు టీ అంటారు, మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లం చాయ్ అంటాం. టీ ఇంగ్లీషోళ్ల మాట, చాయ్ అసలు మన మాట అని ఒకరిని ఒకరు ఎక్కిరించుకుంటాం కూడా. రెండూ చైనా మాటలే అన్నలారా.

చైనాలో ఈ ఆకు పేరు రాసే అక్షరం ఒక్కటే. చదవడం మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల "చా" అంటారు. ఫుజియన్ అనే సముద్రతీరంలో "తే" అంటారు. తేడా అంతా ఇక్కడే మొదలైంది.

1602లో డచ్చి వాళ్లు ఈస్టిండియా కంపెనీ పెట్టారు. (వాళ్లు మనకు కొత్త కాదు, ఆ రోజుల్లోనే మచిలీపట్నంలో కూడా దిగారు.) జావా దీవి రేవుల్లో వాళ్లకు సరుకు అమ్మింది ఎక్కువగా ఫుజియన్ వ్యాపారులే. ఆకుతో పాటు ఆ మాట కూడా ఓడెక్కింది. డచ్చిలో "టే" అయింది. జర్మనీ, స్వీడన్, డెన్మార్క్, నార్వేల్లో ఇప్పటికీ "టే" అనే అంటారు. మన సైట్ల మీద షటరింగ్, స్కఫోల్డింగ్ అన్నట్టే, సరుకు తెచ్చినోళ్ల నోటి మాటే పేరైపోతుంది.

ఇంగ్లీషోళ్లు మాత్రం కొన్నాళ్లు తేల్చుకోలేదు. 1658లో లండన్ పత్రికలో వచ్చిన ఒక ప్రకటనలో చా, టే, టీ మూడు పేర్లూ ఉన్నాయి! 1700 దాటాక కూడా చాలామంది టే అనే పలికేవాళ్లు. టీ అనేది తర్వాత గట్టిపడింది. అంటే టీ కూడా ఇంగ్లీషోళ్ల సొంత మాట కాదు, డచ్చోళ్ల దగ్గర తీసుకున్నదే.

పోర్చుగీసు వాళ్లు కూడా ఓడల్లోనే వెళ్లారు. కానీ వాళ్ల మకాం మకావులో. అక్కడ "చా" అంటారు కాబట్టి వాళ్లకు ఇప్పటికీ చా నే. ఇంకో పక్క నేల దారిలో పోయిన "చా" పారసీలో చాయ్ అయింది. ఉర్దూ, హిందీల్లోనూ అదే, మన తెలంగాణలోనూ అదే. అరబ్బీలో "చ" అక్షరం లేదు, అందుకే ఇక్కడి కఫీలు "షాయ్" అంటాడు.

ఇంకోటి గమనించారా? చాయ్ అనే మనం కూడా ఆకును తేయాకు అనే అంటాం. అందులో ఉన్నది ఆ ఫుజియన్ "తే" నే.