ఓపియాయిడ్ విరమణ: కౌమారంలో మనస్థితి, ఆడ–మగ తేడాల అధ్యయన చరిత్ర

నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్లకు అలవాటుపడ్డ ఒళ్ళు అవి అందక పడే అవస్థే విరమణ. హెరాయిన్ మానిన 8–12 గంటల్లో ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్ళు పీకులు, విరేచనాలు మొదలవుతాయి. రెండు మూడు రోజులకు ముదిరి, వారం పది రోజుల్లో తగ్గుతాయి. దిగులు, చిరాకు, నిద్రలేమి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు పట్టి పీడిస్తాయి. మళ్ళీ మత్తు వైపు లాక్కుపోయేది చాలాసార్లు ఇవే. ఈ బాధ ఈడొచ్చిన ఆడపిల్లల్లో, మగపిల్లల్లో ఒకే తీరుగా ఉంటుందా అన్న ప్రశ్న వైద్యులకు చాలా ఆలస్యంగా తట్టింది.

ముందు మన దగ్గరి నల్లమందు కథ చూద్దాం. నేటి విజయనగరం జిల్లాలోని గరివిడి ప్రాంతం బ్రిటిష్ కాలంలో విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ జిల్లా మన్యంలో చలిజ్వరానికి విరుగుడన్న నమ్మకంతో నల్లమందు తినేవారు. 1878 నల్లమందు చట్టం కింద సర్కారు లైసెన్సు దుకాణాల ద్వారా దాన్ని అమ్మించేది. 1893లో నల్లమందుపై వేసిన రాయల్ కమిషన్, మితంగా తింటే పెద్ద హాని లేదని 1895లో తేల్చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో, సరఫరాను ఏటా పదో వంతు తగ్గించాలని నిర్ణయించారు. 1959 మార్చి 31తో వైద్యేతర వాడకానికి గడువు ముగిసింది. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. ట్రమడాల్‌ను దాని పరిధిలోకి తెచ్చింది 2018లో.

ఇక విరమణను కొలిచే పని అమెరికాలో, 1935లో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో తెరిచిన ఆసుపత్రిలో ఊపందుకుంది. అక్కడ క్లిఫ్టన్ హిమ్మెల్స్‌బాక్ లక్షణాలకు మార్కులు వేసే పద్ధతి రూపొందించాడు. ఆ ఆసుపత్రి ఆడవాళ్ళను చేర్చుకున్నది 1941 నుంచి. అంటే అక్కడి తొలి కొలతలన్నీ ఎదిగిన మగ ఖైదీల ఒంటి మీద తీసినవే. ఆ వాసన నేటికీ పోలేదు. వెస్సన్, లింగ్ 2003లో ప్రచురించిన, విరమణ తీవ్రతను కొలిచే కౌస్ (COWS) పట్టికే చూడండి. నాడి, చెమట, కంటిపాప, కీళ్ళ నొప్పి, వణుకు, రోమాంచం ఇలా పదకొండు అంశాలు, మొత్తం 48 మార్కులు. మనసు సంగతి చెప్పే అంశం ‘ఆందోళన లేదా చిరాకు’ ఒక్కటే, దానికి గరిష్ఠంగా 4 మార్కులు. మూడు రోజులుగా గోడవైపు తిరిగి పడుకుని, ఎవరితోనూ మాట్లాడని పిల్లకు ఈ పట్టికలో చోటు లేదు.

1973లో ఓపియాయిడ్ గ్రాహకాలు, 1975లో మెదడు తానే తయారుచేసుకునే ఎన్‌కెఫలిన్లు బయటపడ్డాక మనసు బాధకూ మెదడులో ఆనవాళ్ళు వెతకడం మొదలైంది. ఒత్తిడిని రేపే మెదడు రసాయనాలు సీఆర్ఎఫ్, డైనార్ఫిన్ విరమణలో విజృంభించి ఆనందమన్నది తెలియకుండా చేస్తాయని జార్జ్ కూబ్ వంటి పరిశోధకులు వివరించారు. 2002లో థియోడోర్ సిసెరో బృందం మార్ఫిన్ ఆపేసిన మగ ఎలుకల్లో శారీరక లక్షణాలు ఆడవాటికంటే ఎక్కువని చూపింది. మనస్థితి దగ్గరికి వచ్చేసరికి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. లేత ఎలుకల్లో శారీరక లక్షణాలు పెద్దవాటికంటే తక్కువని పలు ప్రయోగాలు చెబుతాయి. కానీ ఎలుకకు కౌమారం రెండు మూడు వారాలే. మందు అలవాటు చేసి మాన్పించేసరికి అది పెద్దదైపోతుంది. పరిశోధనల్లో ఆడ, మగ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు పట్టుబట్టింది 2016 నుంచే.

మనుషుల్లో చిక్కు ఇంకోటి ఉంది. పదమూడేళ్ళ ప్రాంతం నుంచి కుంగుబాటు ఆడపిల్లల్లో మగపిల్లలకంటే దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. కాబట్టి మందు మానిన పిల్ల దిగులులో విరమణ వాటా ఎంత, ముందునుంచీ ఉన్నదెంత అని విడదీయడం కష్టం. మగపిల్లాడి దిగులు కోపంగా బయటపడితే దాన్ని పొగరు కింద జమకట్టే ప్రమాదమూ ఉంది. అది అన్యాయమే. కౌమారుల మీద విరమణ చికిత్సకు వాడే బ్యుప్రెనార్ఫిన్ మందు తొలి పరీక్ష 2005లో 36 మందితో జరిగింది. 2008లో 15–21 ఏళ్ళవారు 152 మందితో మరొకటి వచ్చింది. ఇంత చిన్న గుంపుల్లో ఆడ–మగ తేడా తేలడం కష్టం.

మన దేశంలో 10–17 ఏళ్ళవారిలో 1.8 శాతం ఓపియాయిడ్లు వాడుతున్నట్టు 2019లో వెలువడిన జాతీయ సర్వే తేల్చింది. అన్ని వయసులూ కలిపితే మగవారిలో 4 శాతం, ఆడవారిలో 0.2 శాతం. వాడే ఆడపిల్లలు తక్కువ, అందులో పరువు భయంతో చికిత్స గడప తొక్కేవారు మరీ తక్కువ. అందుకే ఇక్కడి ఆడపిల్లల విరమణ గురించి రాసి ఉన్నది అతి స్వల్పం. గరివిడి వైపు కుటుంబాలకు విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఫోన్లో అడగాలంటే జాతీయ సహాయ కేంద్రం నంబరు 14446.