కొణిజేటి రోశయ్య

కొణిజేటి రోశయ్య (1933 జూలై 4 – 2021 డిసెంబరు 4) ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, తర్వాత తమిళనాడు గవర్నరు. మన రాజ్యాంగంలో ప్రభుత్వాన్ని నడిపేది ముఖ్యమంత్రి. రాష్ట్రపతి నియమించే గవర్నరు చాలావరకు మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకుంటారు. ఈ రెండు బాధ్యతలూ చూసిన గుంటూరు జిల్లా నాయకుల్లో కాసు బ్రహ్మానందరెడ్డి ముందువారు, ఆయన మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. రోశయ్య తర్వాతి తరం.

పుట్టింది తెనాలి ప్రాంతంలోని వేమూరులో, వైశ్య కుటుంబంలో. గుంటూరు హిందూ కళాశాలలో కామర్స్ చదివారు. రైతు నాయకుడు ఎన్.జి. రంగా శిష్యరికంలో రాజకీయాలు నేర్చుకున్నారు. 1968లో శాసనమండలిలో అడుగుపెట్టారు. 1974లో, 1980లో మళ్లీ ఎన్నికయ్యారు. మంత్రిగా తొలి అవకాశం ఇచ్చింది ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి. 1985లో మండలి రద్దయ్యాక, 1989లో చేనేతకు పేరుపడ్డ చీరాల ఆయన్ని శాసనసభకు పంపింది. 1998లో పత్తి, మిరప పండించే పల్నాటి పల్లెలున్న నరసరావుపేట నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆ సభ ఏడాది దాటి కొద్దికాలమే నిలిచింది. 2004లో మళ్లీ చీరాలే గెలిపించింది.

ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది బడ్జెట్టు. రాష్ట్ర బడ్జెట్టును 16 సార్లు ప్రవేశపెట్టారు, చివరి ఏడూ వరసగా. ముఖ్యమంత్రులు మారినా ఆర్థికశాఖకు మళ్లీ మళ్లీ ఆయన్నే పిలవడం ఊరికే జరగలేదు. అంకెలు నోటిమీద ఉండేవి, సభా నియమాలు తెలుసు, ప్రతిపక్షం నిలదీస్తే చమత్కారంతోనే తిప్పికొట్టేవారు. వెనక పెద్ద జనబలం గానీ, సొంత వర్గం గానీ లేవు. సభలో సంపాదించుకున్న పట్టే ఆయన అసలు బలం, ఆ పట్టుకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

2009 సెప్టెంబరు 2న నల్లమలలో హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణించారు. మరునాడే రోశయ్య ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయన పునరుద్ధరించిన మండలిలో సభ్యుడు. నెల తిరిగేసరికి కర్నూలును వరద ముంచెత్తింది. నవంబరు 29న తెలంగాణ కోసం కె. చంద్రశేఖరరావు నిరాహారదీక్ష మొదలైంది; డిసెంబరు 9న కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటనతో రాష్ట్రం రెండుగా చీలినంత పనైంది, ఇరువైపులా రాజీనామాలు వెల్లువెత్తాయి. మరోపక్క వై.ఎస్. కుమారుడు జగన్మోహనరెడ్డి ఓదార్పు యాత్రతో సొంత పార్టీలోనే ఒత్తిడి. అధిష్ఠానం మాటే ఆధారంగా ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఇవన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. అంత ఒత్తిడిలోనూ 2010 బడ్జెట్టును ముఖ్యమంత్రిగా తానే ప్రవేశపెట్టారు. ఆ ఏడాది నవంబరు 24న రాజీనామా చేస్తే, నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి ఆ స్థానంలోకి వచ్చారు.

2011 ఆగస్టు 31న తమిళనాడు గవర్నరుగా ప్రమాణం చేశారు. 2014లో ఢిల్లీలో ప్రభుత్వం మారాక పాత గవర్నర్లు పలువురు పదవులు వదులుకోవలసి వచ్చింది. రోశయ్య మాత్రం అయిదేళ్లూ పూర్తిచేశారు. 2014 వానాకాలంలో రెండు నెలలు కర్ణాటక గవర్నరు బాధ్యతలూ అదనంగా చూశారు. చెన్నైలో ఆయన పదవీకాలం ప్రశాంతంగా ఏమీ లేదు. 2014 సెప్టెంబరులో అక్రమాస్తుల కేసు తీర్పుతో ముఖ్యమంత్రి జయలలిత పదవి కోల్పోతే పన్నీర్‌సెల్వం చేత, హైకోర్టు నిర్దోషిగా తేల్చాక 2015 మేలో, ఎన్నికల్లో గెలిచాక 2016 మేలో మళ్లీ జయలలిత చేత ప్రమాణం చేయించింది ఆయనే. 2016లో పదవీకాలం ముగిసినప్పుడు ఆ బాధ్యతలు అందుకున్నదీ తెలుగువారే, కరీంనగర్ ప్రాంతానికి చెందిన సి.హెచ్. విద్యాసాగరరావు.

ఆ తర్వాత రోశయ్య హైదరాబాదులోనే ఉండి, 88 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు గుంటూరు జిల్లాలోని వేమూరు, ప్రకాశం జిల్లాలోని చీరాల రెండూ కొత్త బాపట్ల జిల్లాలో చేరాయి.